250 హార్స్‌పవర్ టర్బో కారుకి ఇంటర్‌కూలర్ పైపు ఎంత లావు వేయాలి?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, మిగతావాళ్ళకీ విషయం అర్థమవుతుంది. మీది 2015 ఆక్టేవియా 1.8 టీఎస్ఐ. బంపరు వెనక పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపిన వేడి గాలిని చల్లబరిచేది) పెట్టించి, ట్యూన్ చేయించి, 180 హార్స్‌పవర్ బండిని 250 దాకా తీసుకెళ్ళాలని ఉంది. షాపువాళ్ళు "ఎంత లావైతే అంత గాలి" అని మొత్తం 3 అంగుళాల పైపింగ్ వేద్దామంటున్నారు. మీ ఫ్రెండేమో 2 అంగుళాలు దాటితే ల్యాగ్ (యాక్సిలరేటరు తొక్కాక పవరు ఆలస్యంగా రావడం) వచ్చి బండి చచ్చిపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరిదీ వద్దు. 2.5 అంగుళాలు వేయించండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి దిగే వేడి పైపుకి చోటు ఇరుకైతే అక్కడ 2.25 వేసినా మీకు తేడా తెలియదు. 3 అంగుళాలతో మీ బండికి ఒరిగేదేమీ లేదు. 2 అంగుళాలతో కొంప మునిగిపోదు గానీ, కొత్తగా డబ్బు పెట్టి చేయించుకుంటూ అంత చిన్నది ఎందుకు? అయితే నేను అసలు చెప్పదలుచుకున్నది వేరే. ఈ అర అంగుళం పంచాయితీ కంటే వంపులు ఎలా తీశారు, సైజు మారేచోట ఎలా కలిపారు, హోసులు ఎలా బిగించారు అన్నవే మీ బూస్ట్‌ని (టర్బో అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడిని) ఎక్కువ తినేస్తాయి. లెక్క వేస్తే అది కళ్ళకి కడుతుంది.

పైపు సైజు ఇంజను సీసీని బట్టి తేలదు. సెకనుకి ఎంత గాలి పోవాలో దాన్ని బట్టి తేలుతుంది. పెట్రోల్ టర్బో ఇంజను ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 225 గ్రాముల పెట్రోలు తాగుతుంది. అప్పుడు మిశ్రమం ఒక పాలు పెట్రోలుకి 12 పాళ్ళ గాలి అనుకుందాం. అంటే ఒక హార్స్‌పవర్‌కి గంటకి 2.7 కిలోల గాలి. 250కి గంటకి 675 కిలోలు, సెకనుకి దాదాపు 190 గ్రాములు. ఇంజను ఏ కంపెనీదైనా ఈ అంకె పెద్దగా మారదు.

ఆ 190 గ్రాములు ఎంత చోటు ఆక్రమిస్తాయన్నది ఒత్తిడి, వేడి మీద ఉంటుంది. 1 బార్ బూస్ట్ అనుకోండి, అంటే బయటి గాలి ఒత్తిడికి పైన దాదాపు ఇంకో అంత. బయట 35 డిగ్రీలు ఉంటే, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) నుంచి గాలి 135 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్‌లో పోయే ఒత్తిడిని కూడా కలుపుకుంటే టర్బో నోటి దగ్గర మొత్తం ఒత్తిడి 2.1 బార్ ఉండాలి. ఆ స్థితిలో మన గాలి సెకనుకి 105 లీటర్లు. మంచి కోర్ (ఇంటర్‌కూలర్‌లో గాలిని చల్లబరిచే జాలీ భాగం) ఉండి, బండి పరుగులో ఉంటే ఇంటర్‌కూలర్ దాన్ని 50 డిగ్రీల దాకా దించుతుంది. అప్పుడు సెకనుకి 88 లీటర్లు.

ఇక్కడే ఒక చిన్న పక్కమాట. "చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి చల్ల పైపు లావుగా ఉండాలి" అని చాలామంది చెప్తుంటారు. చల్ల పైపంటే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనుకి వెళ్ళేది. పై రెండు అంకెలు చూడండి. చిక్కబడిన గాలికి చోటు తక్కువే కావాలి, ఎక్కువ కాదు. చల్ల వైపు లావు పైపు వేసే అలవాటుకి అసలు కారణం అటు చివర థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి గాలిని వదిలే కవాటం) పెద్దగా ఉండటం, ఇటు చివర టర్బో నోరు చిన్నగా ఉండటం. అలవాటు మంచిదే, దానికి చెప్పే కారణమే తలకిందులు.

ఇప్పుడు వేగాలు. పైపుల్ని అంగుళాల్లో చెప్పేది బయటి కొలత. గోడ మందం 1.6 మిల్లీమీటర్లు అనుకుంటే 2 అంగుళాల పైపు లోపల 47.6 మిల్లీమీటర్లు, 2.25ది 54, 2.5ది 60, 3 అంగుళాలది 73. వేడి వైపు గాలి 2 అంగుళాల్లో సెకనుకి 59 మీటర్ల వేగంతో పోతుంది. 2.25లో 46, 2.5లో 37, 3లో 25. చల్ల వైపు ఇంకో ఆరో వంతు తక్కువ. శబ్ద వేగంలో 0.4 వంతు దాటకూడదని ఒక సూత్రం తిరుగుతుంటుంది, మీ ఫ్రెండు దాన్ని పట్టుకునే 2 అంగుళాలు చాలంటూ ఉండొచ్చు. 135 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకి 400 మీటర్ల పైనే పోతుంది, దానిలో 0.4 వంతంటే 160 మీటర్లు. ఆ లెక్కన 2 అంగుళాలు భేషుగ్గా పాసవుతుంది. కానీ ఆ సూత్రం చెప్పేది ఇక దాటితే నష్టం బాగా పెరిగిపోయే హద్దు. అక్కడిదాకా వెళ్ళకముందే ఒత్తిడి కారిపోతుంటుంది.

ఒత్తిడి ఎంత పోతుందో చూద్దాం. వేడి పైపు ఒక మీటరు, చల్ల పైపు 1.2 మీటర్లు, రెంటిలోనూ చెరి మూడు 90 డిగ్రీల నున్నటి వంపులు అనుకున్నాను. మీ బండిలో ఇంచుమించు ఇంతే వస్తుంది. రెండు పైపులూ కలిపి 2 అంగుళాలైతే పోయేది 0.074 బార్. 2.25కి 0.043. 2.5కి 0.027. 3 అంగుళాలకి 0.012. పీఎస్ఐల్లో అలవాటున్నవాళ్ళకి వరసగా 1.1, 0.6, 0.4, 0.2 అనుకోండి.

ఈ వరసని నిదానంగా చూడండి. 2 నుంచి 2.5కి వెళ్తే 0.047 బార్ మిగిలింది. ఇంకో అర అంగుళం పెంచి 3కి వెళ్తే మిగిలేది 0.015 బార్ మాత్రమే. గోడల రాపిడి నష్టం వ్యాసానికి అయిదో ఘాతంలో తగ్గుతుంది, వంపుల నష్టం నాలుగో ఘాతంలో. కాబట్టి మొదటి అర అంగుళం చాలా ఇస్తుంది, రెండోది చిల్లర ఇస్తుంది. మీ ఇంటర్‌కూలర్ కోర్ ఒక్కటే, అది మంచిదే అయినా, 0.07 నుంచి 0.15 బార్ దాకా తింటుంది. దాని పక్కన 0.015 ఏపాటి?

పోనీ ఆ 0.047 బార్ మాత్రం పెద్ద తేడానా అంటే, అదీ భూకంపమేమీ కాదు. మీ ఇంజనులో బూస్ట్ ప్రెషర్ సెన్సర్ ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కి ముందు ఉంటుంది. పైపులో ఒత్తిడి పోతే ఈసీయూ (ఇంజను కంప్యూటరు) వేస్ట్‌గేట్‌ని (ఎగ్జాస్ట్ గాలిని టర్బో పక్కనుంచి వదిలే తలుపుని) ఇంకొంచెం మూసి టర్బోని గట్టిగా తిప్పి ఆ లోటు పూడ్చేస్తుంది. దానికి మూల్యం కంప్రెసర్ నోటి దగ్గర మూడు నాలుగు డిగ్రీల వేడి, ఎగ్జాస్ట్ వైపు కొంచెం వెనక ఒత్తిడి. పెద్ద టర్బోకి ఇది లెక్కలోకే రాదు. మీ 1.8లో వచ్చే ఐహెచ్ఐ ఐఎస్12 చిన్న టర్బో, 250 దగ్గర అది ఊపిరి బిగబట్టి తిరుగుతుంటుంది. అలాంటి దానికి మిగిలే ప్రతి చుక్కా విలువైనదే. అందుకే 2 వద్దన్నాను.

ఇక 3 అంగుళాల కథ. చెడు లేదు, కాస్త మంచే కదా, వేయించేద్దాం అనిపిస్తుంది. చిక్కు సైజు మారేచోట ఉంది. ఇలాంటి చిన్న టర్బోల నోరు 2 అంగుళాల చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడి నుంచి గాలిని ఒక్కసారిగా 3 అంగుళాల పైపులోకి వదిలితే, వేగంగా వచ్చిన గాలి అంచుల దగ్గర సుళ్ళు తిరిగి తన ఊపులో మూడో వంతు వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ ఒక్క మెట్టు దగ్గర పోయేది సుమారు 0.010 బార్. 3 అంగుళాల పైపింగ్ అంతా కలిపి పోగొట్టేదే 0.012 అని పైన చూశాం కదా. అంటే లావు పైపు వల్ల మిగిలిందాంట్లో మూడింట రెండొంతులు మొదటి జాయింటులోనే వెనక్కి ఇచ్చేసినట్టు. అటు చివర మళ్ళీ థ్రాటిల్‌కి కుదించేటప్పుడు ఇంకొంచెం. 2.5తో అదే మెట్టు 0.005 కూడా తినదు.

మెట్టు లేకుండా కోన్‌లాగా నిదానంగా పెంచితే ఈ నష్టం చాలావరకు పోతుంది. కోన్ మొత్తం కోణం 12 డిగ్రీల దగ్గర ఉంటే గాలి గోడని వదలకుండా వెళ్తుంది. 48 మిల్లీమీటర్ల నుంచి 60కి ఆ కోణంతో రావడానికి 6 సెంటీమీటర్లు చాలు, మామూలు సిలికాన్ రెడ్యూసర్ (సైజు మార్చే హోసు) పొడవులోనే అయిపోతుంది. 73కి రావాలంటే 12 సెంటీమీటర్లు కావాలి. ఆక్టేవియా బానెట్ ఎత్తి టర్బో దగ్గర 12 సెంటీమీటర్ల తిన్నటి చోటు ఎక్కడుందో మీ షాపువాళ్ళని చూపించమనండి. పైగా 3 అంగుళాల పైపుని ఆ ఇరుకులో తిప్పాలంటే వంపులు కురచ చేయాలి, లేదా ముక్కలు కోసి అతకాలి. అక్కడ మొదలవుతుంది అసలు నష్టం.

వంపుల గురించే నాకు ఎక్కువ పట్టింపు. బోరు మోటారుకి పైపు లైను వేసిన ఏ రైతుని అడిగినా చెప్తాడు, పైపు లావు పెంచడం కంటే రెండు ఎల్బోలు తీసేసి లాంగ్ బెండు వేస్తే నీళ్ళు బాగా పడతాయని. గాలిదీ అదే దారి. పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్ల రేడియస్‌తో మాండ్రెల్ (పైపు నలగకుండా లోపల పెట్టే దిమ్మ) మీద వంచిన బెండులో, గాలి ఊపు ఒత్తిడిలో (వేగం వల్ల ఉండే ఒత్తిడిలో) 30 శాతం దాకా పోతుంది. రెండు తిన్నటి ముక్కల్ని 45 డిగ్రీల్లో కోసి మూలమట్టంగా అతికిస్తే 110 శాతం పైనే పోతుంది. అలాంటి మూల ఒక్కటి మీ 2.5 అంగుళాల చల్ల పైపులో ఉందంటే, మిగతా చల్ల పైపు మొత్తం తినేంత ఒత్తిడి అదొక్కటే తింటుంది. ఇక 2.5కా 3కా అని కొట్టుకోవడం దేనికి?

సైలెన్సర్ షాపులో వంచే బెండు ఇంకో రకం. మాండ్రెల్ లేకుండా వంచితే లోపలి వైపు ముడతలు పడి, పైపు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బయట 2.5 అంగుళాలని రాసుకున్నా, వంపు దగ్గర లోపల మిగిలేది 2 అంగుళాల పైపుకి ఉన్నంత చోటే కావచ్చు. ఎగ్జాస్టుకి అది నడిచిపోతుంది, ఇక్కడ డబ్బు దండగ. హైదరాబాదులో, విజయవాడ ఆటోనగర్లో ఇప్పుడు రెడీమేడ్ అల్యూమినియం మాండ్రెల్ బెండులు తెప్పించి ఇచ్చేవాళ్ళున్నారు. 45, 60, 90 డిగ్రీల బెండులు తెచ్చి, కావలసినచోట కోసి, ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. ఇనుప పైపు వద్దే వద్దు. మన వర్షాకాలంలో ఇంటర్‌కూలర్‌లో నీటి ఆవిరి చల్లబడి తేమ పేరుకుంటుంది, లోపల తుప్పు పట్టి రేకులు రేకులుగా ఊడి నేరుగా ఇంజనులోకి పోతుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గానీ బరువు, రేటు రెండూ ఎక్కువ, ఇక్కడ దానితో వచ్చే లాభం లేదు. వెల్డింగ్ అయ్యాక ప్రతి ముక్క లోపల వేలు పెట్టి తడమండి. అతుకు లోపలికి పొడుచుకొచ్చి ఉంటే రుద్దించండి, తర్వాత కడిగించి గాలితో ఊదించండి. చిన్న వెల్డింగ్ గుండు ఒకటి సిలిండరులోకి పోతే పైపు సైజు గురించి మాట్లాడుకునే అవసరమే ఉండదు.

ఇక మీ ఫ్రెండు ల్యాగ్ భయం. ఇది పూర్తిగా అబద్ధం కాదు, కొండంతలు చేసిన నిజం. పైపుల మొత్తం పొడవు 2.2 మీటర్లు అనుకున్నాం కదా. 2 అంగుళాలైతే లోపల 3.9 లీటర్ల చోటు, 2.5 అయితే 6.3, 3 అయితే 9.2. 2.5కీ 3కీ తేడా 2.9 లీటర్లు. ఆ అదనపు చోటుని 1 బార్ బూస్ట్‌కి నింపడానికి కావలసిన అదనపు గాలి 3 గ్రాముల దగ్గర ఉంటుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర, బూస్ట్ ఇంకా ఎక్కుతున్న సమయంలో, మీ 1.8 ఇంజనులోంచి సెకనుకి 50 గ్రాముల పైనే గాలి పోతుంటుంది. అంటే ఆలస్యం సెకనులో ఇరవయ్యో వంతు లెక్కన వస్తుంది. స్టాప్‌వాచీతో పట్టుకోవడం కూడా కష్టం. 2కీ 2.5కీ మధ్య ఆ కాస్త కూడా ఉండదు. మీరు పెట్టబోయే పెద్ద ఇంటర్‌కూలర్ కోర్, దాని రెండు పక్కల ట్యాంకులు కలిపి ఎన్ని లీటర్లో కొలిచి చూడండి, పైపుల మొత్తానికి సమానంగానో ఎక్కువగానో వస్తుంది. దాని గురించి మాత్రం ఎవరూ భయపెట్టరు!

పైపింగ్ మార్చాక "బండి మందగించింది" అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినంతవరకు ఎక్కువ శాతం లీకేజీలే. ఎక్కడో హోసు దగ్గర గాలి కారుతుంటుంది, టర్బో దాన్ని పూడ్చడానికి ఆలస్యంగా బూస్ట్ ఎక్కిస్తుంది, ఓనరుగారు పైపు లావే కారణం అనుకుంటారు.

అందుకని జాయింట్ల మీద కక్కుర్తి పడొద్దు. పైపు చివర చుట్టూ చిన్న గట్టు తీయించాలి, బీడింగ్ అంటారు, లేత్ షాపులోనో షీట్ మెటల్ షాపులోనో చేస్తారు. నున్నటి పైపు మీద హోసు ఎంత బిగించినా 1 బార్ దాటాక నూనె తడికి జారి టప్పున ఊడుతుంది. 2.5 అంగుళాల హోసు చివరని 1 బార్ సుమారు 30 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది, పైపు చివరకి గట్టు లేకపోతే అది ఊడటం సహజం. క్లాంపులు టీ-బోల్ట్ రకం తీసుకోండి, స్క్రూతో తిరిగే మామూలు హోసు క్లిప్పులు సిలికాన్‌ని చీరేస్తాయి. క్లాంపు గట్టుకి లోపలి వైపు పడాలి, గట్టు మీద కాదు. బిగించే ముందు పైపునీ హోసునీ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వండి. హోసులో రెండు పైపు చివర్ల మధ్య ఒక సెంటీమీటరుకి మించి ఖాళీ వదలొద్దు. ఖాళీ ఎక్కువైతే హోసు బూస్ట్‌లో బెలూనులా ఉబ్బుతుంది. ఇంజను తన మౌంట్ల మీద ఊగుతుంది, ఇంటర్‌కూలర్ ఊగదు. ఆ రెంటి మధ్య కనీసం ఒక్కచోటైనా నడుమున ముడత ఉన్న హంప్ హోసు పెట్టకపోతే, వెల్డింగ్ దగ్గరో ఇంటర్‌కూలర్ ట్యాంకు దగ్గరో పగులు వస్తుంది.

వేడి వైపు హోసు విషయంలో ఇంకో సంగతి. టర్బో నుంచి కొంచెం ఇంజన్ ఆయిల్ ఆవిరి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మామూలు సిలికాన్‌కి వేడి అంటే లెక్కలేదు గానీ నూనె పడదు, పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. టర్బో నోటి దగ్గర పెట్టే హోసుకి లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది తీసుకోండి. లారీల మెకానిక్కులకి ఇది బాగా తెలుసు, వాళ్ళ దగ్గర పెద్ద సైజుల్లో ఇవి మామూలుగానే దొరుకుతాయి. లీకు పట్టుకునే పద్ధతి కూడా వాళ్ళదే మేలు. టర్బో ఇన్‌లెట్ మూసి, రెగ్యులేటరుతో కంప్రెసర్ గాలి ఎక్కించి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్ళు పోయడం. ఒక చిన్న జాగ్రత్త, ఎక్కించే ఒత్తిడి మీ బూస్ట్ దాటకూడదు. లేకపోతే గాలి క్రాంక్‌కేసులోకి తోసుకుపోయి సీళ్ళ మీద పడుతుంది. పైపింగ్ పూర్తయిన రోజే ఈ పరీక్ష మీ కళ్ళముందు చేయించండి.

పైపులకి హీట్ రాప్ (వేడి తగలకుండా చుట్టే పట్టీ) చుట్టించాలా అని కూడా చివర్లో అడిగారు. చల్ల పైపులో గాలి సెకనుకి 30 మీటర్లు పోతుంటే 1.2 మీటర్లు దాటడానికి దానికి సెకనులో ఇరవై అయిదో వంతు చాలు. అంతసేపట్లో అది ఏమంత వేడెక్కదు. ఆ డబ్బుని ఇంటర్‌కూలర్‌కి గాలి తగిలే దారి మీద పెట్టండి. బంపరు గ్రిల్లు నుంచి కోర్ దాకా రేకుతోనో ప్లాస్టిక్ షీటుతోనో పక్కలు మూయించండి, గాలి చుట్టూ తప్పించుకుపోకుండా. మే నెలలో కూకట్‌పల్లి ట్రాఫిక్కులో ఏసీ కండెన్సరు, రేడియేటరు మధ్య నిలబడ్డ ఇంటర్‌కూలర్‌కి అసలు పరీక్ష అదే. పైపు ఎంత లావున్నా అక్కడ సాయం చేయదు.

మరొకటి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మీ బండిది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దాని టార్కుకి కంపెనీ హద్దు 250 న్యూటన్ మీటర్లు, మీ స్టాక్ ఇంజను ఆ హద్దు దగ్గరే ఉంది. 6000 ఆర్‌పీఎం దగ్గర 250 హార్స్‌పవర్ కావాలంటే అక్కడే 290 పైన టార్కు కావాలి, మధ్య ఆర్‌పీఎంలో ట్యూనరు ఇంకా ఎక్కువే ఇస్తాడు. పైపింగ్ ఖర్చు కంటే క్లచ్ ప్యాక్, మెకట్రానిక్స్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) ఖర్చు ఎన్నో రెట్లు. నేనైతే ట్యూనరుతో మధ్యలో టార్కుని అణచమని చెప్పి, పైన మాత్రమే పవరు తీసుకోమంటాను, 220 దగ్గర ఆగినా సంతోషిస్తాను. 220కి కూడా పైపు సైజు సమాధానం మారదు. అలాగే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నమైన మార్పుల మీద ఆంక్షలున్నాయి, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది ఇలాంటివే. తెలిసి దిగండి.

వేరే బండ్లవాళ్ళు ఇదే ప్రశ్నతో వస్తారు కాబట్టి నేను వాడే కొలబద్ద చెప్తాను. ఫుల్ లోడ్‌లో వేడి పైపులో గాలి వేగం సెకనుకి 50 మీటర్లు దాటకుండా చూసుకుంటాను. 1 బార్ బూస్ట్ దగ్గర ఆ లెక్కన 2 అంగుళాలు 200 హార్స్‌పవర్ పైచిలుకు దాకా, 2.25 సుమారు 270 దాకా, 2.5 సుమారు 340 దాకా, 3 అంగుళాలు 500 దాకా సరిపోతాయి. బూస్ట్ తక్కువ, ఇంజను పెద్ద అయితే అదే పవరుకి గాలి పలచగా ఉంటుంది, ఒక సైజు పెంచండి. డీజిల్ అయితే అదే హార్స్‌పవర్‌కి 15 నుంచి 30 శాతం ఎక్కువ గాలి మింగుతుంది, ఆ మేరకు కలుపుకోండి. పోలో, కుషాక్, టైగున్‌లలో 1.0 టీఎస్ఐ ఉన్నవాళ్ళు మాత్రం ఈ గొడవలోకి రావద్దు. వాళ్ళకి నీళ్ళతో చల్లబడే ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోనే ఉంటుంది, ఉన్న పైపు జానెడు. అక్కడ లావు మార్చి సాధించేది లేదు.

షాపువాళ్ళతో మాట్లాడేటప్పుడు "2.5 వేయండి" అని ఊరుకోవద్దు. మాండ్రెల్ బెండులు మాత్రమే, కోసి అతికిన మూలలు ఉండకూడదు, టర్బో దగ్గరా థ్రాటిల్ దగ్గరా కోన్ రెడ్యూసర్లు, ప్రతి చివరా బీడింగ్, టీ-బోల్ట్ క్లాంపులు అని కాగితం మీద రాయించుకోండి. ఇంకో పని కూడా చెప్పండి. టర్బో దాటిన వెంటనే ఒకటి, థ్రాటిల్‌కి ముందు ఒకటి, రెండు చిన్న నిపుల్స్ వెల్డింగ్ చేయించండి, తర్వాత మూత పెట్టుకోవచ్చు. పని అయ్యాక రెంటికీ గేజీలు తగిలించి, డైనో (బండి పవరు కొలిచే యంత్రం) మీద ఫుల్ లోడ్‌లో నడిపించి తేడా చూడండి. కోర్‌తో కలిపి తేడా 0.15 బార్ లోపు ఉంటే పైపుల సంగతి మర్చిపోండి. 0.2 దాటితే పైపుని నిందించే ముందు కోర్‌ని అనుమానించండి, ఆ తర్వాత హోసులు ఎక్కడైనా లోపలికి మడతపడ్డాయేమో చూడండి. రీడింగులు వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.